రోవర్‌ను రోజూ నడిపేవాళ్లు

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. దేశమంతా టీవీలకు అతుక్కుపోయిన సాయంత్రం అది. కేంద్ర ప్రభుత్వం ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించింది. ఏటా ఆ రోజున బడుల్లో రాకెట్ బొమ్మలు గీయిస్తున్నారు, వక్తృత్వ పోటీలు పెడుతున్నారు. సంతోషమే. అయితే ఆ మర్నాటి నుంచి సెప్టెంబరు 2 దాకా చంద్రుడి మీద ఏం జరిగిందని ఆ పిల్లలను అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. వాళ్ల తప్పేమీ లేదు, మనం చెప్పలేదు. ఆ పది రోజులూ 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ 100 మీటర్లకు పైగా నడిచింది, ఆగింది, మట్టిని పరీక్షించింది, గొయ్యి ఎదురైతే వెనక్కి మళ్లింది. చంద్రయాన్-3 మనకిచ్చిన కొత్త జ్ఞానంలో చాలా భాగం ఆ నడకలోంచే వచ్చింది. దిగడం అన్నది దానికి తలుపు తెరిచింది, అంతే. ప్రయోగాన్నీ దిగడాన్నీ పండగ చేసుకుని రోజువారీ నడపడాన్ని గుమాస్తా పనిగా చూసే అలవాటు మన దేశంలో బలంగా ఉంది. ఈ అలవాటు మారాలి. డబ్బులోనూ, ఉద్యోగాల్లోనూ, గౌరవంలోనూ నడిపే పనికి దాని వాటా దక్కాలి. ఈ మాట అడిగే హక్కు గోదావరి డెల్టా వాసులకు అందరికంటే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందుగా రోవర్ దినచర్య ఎలా ఉంటుందో చూడాలి. మార్స్ మీద ఇప్పుడు నాసా రోవర్లు రెండు పనిచేస్తున్నాయి. క్యూరియాసిటీ 2012 ఆగస్టు నుంచి గేల్ బిలంలో ఉంది. పర్సెవరెన్స్ 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగింది. అక్కడి పగలూ రాత్రీ కలిపితే 24 గంటల 39 నిమిషాల పైచిలుకు. దాన్ని సోల్ అంటారు. భూమి నుంచి పంపిన సంకేతం అక్కడికి చేరడానికి, గ్రహాల మధ్య దూరాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాల దాకా పడుతుంది. అంటే తెర మీద చూస్తూ బండిని తోలడం కుదరదు. చక్రం ఇసుకలో దిగబడిందన్న కబురు మనకు అందేసరికి అది ఎప్పుడో దిగబడిపోయి ఉంటుంది. అందుకని మొత్తం పని ఒక చక్రంగా అమర్చారు. మార్స్ మీద సాయంత్రమయ్యేసరికి రోవర్ ఆ రోజు తీసిన ఫొటోలు, కొలతలు పైన తిరిగే ఆర్బిటర్లకు అందిస్తుంది, అవి భూమికి పంపుతాయి. అక్కడ రాత్రి గడుస్తుండగా కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబరేటరీలో మనుషులు కూర్చుంటారు. చెప్పిన చోటికి చేరిందా, చక్రాల మోటార్లు వేడెక్కాయా, బ్యాటరీలో ఎంత మిగిలింది, కెమెరాకు దుమ్ము పట్టిందా అని మొదట బండి ఆరోగ్యం చూస్తారు. తర్వాత మర్నాటి పని నిర్ణయిస్తారు. ఆ పనిని వరుస ఆజ్ఞలుగా రాస్తారు, ఒకరు రాసింది మరొకరు సరిచూస్తారు, కంప్యూటర్‌లో నడిపి చూస్తారు. మార్స్ మీద తెల్లవారేసరికి స్పెయిన్, ఆస్ట్రేలియా, అమెరికాల్లోని పెద్ద యాంటెన్నాలలో ఒకటి ఆ ఆజ్ఞలను పంపుతుంది. ఆ పైన రోవర్ తన దారిన తాను పనిచేసుకుంటుంది. మళ్లీ సాయంత్రం కబురు వచ్చేదాకా ఇక్కడివాళ్లు చేయగలిగింది లేదు.

చెప్పుకోవడానికి తేలికగానే ఉంటుంది. పని కష్టమంతా ఆ రాత్రి జరిగే నిర్ణయంలో ఉంది. పర్సెవరెన్స్‌కు ప్లుటోనియం వేడితో కరెంటు తయారుచేసే యంత్రం ఉంది, కొత్తలో అది ఇచ్చేది సుమారు 110 వాట్లు. అందులోంచే బ్యాటరీలు నింపుకోవాలి, చలికి కీళ్లు బిగుసుకోకుండా వేడి పెట్టుకోవాలి, నడవాలి, రాయిని తొలచాలి, కబుర్లు పంపాలి. అన్నీ ఒక్క రోజులో సాధ్యం కావు. భూగర్భ శాస్త్రవేత్తకు ఎడమవైపున్న తెల్లరాయి కావాలి. వాతావరణం చూసేవాళ్లకు ఆ గంట ఆకాశం ఫొటో కావాలి. బండిని నడిపే ఇంజనీరుకు ఆ తెల్లరాయి పక్కనున్న వాలు నచ్చదు. ఎవరి అక్కర వారికి న్యాయమైనదే. ఆ రోజు కరెంటుకూ సమయానికీ ఆర్బిటర్ మోయగల సమాచారానికీ లోబడి అందరినీ ఒక్క పథకానికి ఒప్పించాలి, అదీ గడియారం ముల్లు ఆగకుండానే. తొలి నెలల్లో ఈ బృందాలు మార్స్ సమయాన్ని పట్టుకునే బతికాయి. వాళ్ల డ్యూటీ రోజూ 40 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోయేది. ఇవాళ ఉదయం మొదలైన పని కొన్ని వారాలకు అర్ధరాత్రి మొదలవుతుంది. రెండేళ్లకోసారి సూర్యుడు అడ్డం వచ్చినప్పుడు సుమారు రెండు వారాలు ఆజ్ఞలే పంపరు. ఆ రెండు వారాలకు చేయాల్సిన పనంతా ముందే రాసిపెట్టుకోవాలి. ఇంత శ్రమా కలిపి రోవర్‌ను కదిలించేది ఎంత వేగంతో? చదునైన నేల మీద సెకనుకు 4 సెంటీమీటర్ల పైచిలుకు.

మన ప్రజ్ఞాన్ కథలో దూరం ఇంత లేదు. చంద్రుడికి సంకేతం సెకనుంబావులో చేరుతుంది. అయినా మనవాళ్లు కూడా చూస్తూ తోలలేదు. రోవర్ నేరుగా భూమితో మాట్లాడలేదు. అది విక్రమ్‌కు చెబితే విక్రమ్ బెంగళూరు దగ్గర బ్యాలాలులోని యాంటెన్నాలకు చెప్పాలి. ముందరి రెండు కెమెరాలు తీసిన జంట ఫొటోలు వచ్చాక వాటినుంచి ఎదుటి నేల ఎత్తుపల్లాల పటం తయారుచేసి, నీడలూ సూర్యుడి దిక్కూ చూసి, ఒక్కో విడతకు కొద్ది మీటర్ల దారి మాత్రమే నిర్ణయించారు. ఆగస్టు 27న సరిగ్గా 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పు గొయ్యి కనిపించింది. వెనక్కి మళ్లి వేరే దారి పట్టమని ఆజ్ఞ వెళ్లింది. పత్రికల్లో అది ఒక చిన్న వార్త. ఆ రోజు ఆ ఫొటోలను అజాగ్రత్తగా చూసి ఉంటే ప్రజ్ఞాన్ యాత్ర నాలుగో రోజునే ముగిసేది. అలా కొద్ది కొద్దిగా నడిచిన 103 మీటర్ల దారిలో ఆల్ఫా కణాల ఎక్స్‌రే పరికరం 23 చోట్ల మట్టి కూర్పును కొలిచింది. ఆ కొలతలతో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబరేటరీ శాస్త్రవేత్తలు 2024 ఆగస్టులో 'నేచర్' పత్రికలో పరిశోధన వెలువరించారు. పుట్టిన కొత్తలో చంద్రుడి మీద కరిగిన రాతి సముద్రం ఉండేదన్న సిద్ధాంతానికి దక్షిణ ధ్రువం దాపుల నుంచి దొరికిన తొలి ప్రత్యక్ష బలం అది. 23 చోట్ల ఆగాలన్న నిర్ణయం, ఎక్కడెక్కడ ఆగాలన్న నిర్ణయం ఎవరో రోజూ కూర్చుని తీసుకున్నవే. గంధకం ఉందని తేల్చిన లేజర్ పరికరమైనా అంతే, దాన్ని ఏ రాతి మీద గురిపెట్టాలో చెప్పింది మనిషే.

యంత్రాన్ని తయారుచేసినవాళ్లు ఊహించని విలువను నడిపేవాళ్లు దానికి చేర్చగలరని చెప్పడానికి నా దగ్గర ఇంకా గట్టి సాక్ష్యాలున్నాయి. 2004 జనవరిలో నాసా స్పిరిట్, ఆపర్చ్యునిటీ అనే రెండు రోవర్లను మార్స్ మీద దింపింది. ఒక్కోదానికి 90 సోల్‌ల పని అప్పగించింది. ఆపర్చ్యునిటీ 2018 జూన్‌లో పెద్ద దుమ్ము తుఫాను కమ్మేదాకా, అంటే 14 ఏళ్లు పైగా పనిచేసి 45 కిలోమీటర్లు నడిచింది. యంత్రం గట్టిదే, కాదనను. కానీ 2005 ఏప్రిల్‌లో అది ఇసుకదిబ్బలో చక్రాల మధ్యదాకా కూరుకుపోయినప్పుడు గట్టితనం దాన్ని బయటకు తీయలేదు. భూమ్మీద అలాంటి ఇసుకే తయారుచేసి, నమూనా రోవర్‌ను అందులో దించి, ఏం చేస్తే ఏమవుతుందో చూసి, నెలకు పైగా అంగుళం అంగుళం కదిలించి బయటపడేశారు. స్పిరిట్ సంగతి మరీ గొప్పది. 2006లో దాని కుడి ముందు చక్రం పనిచేయడం మానేసింది. నడిపేవాళ్లు బండిని వెనక్కి తిప్పి, పాడైన చక్రాన్ని ఈడ్చుకుంటూ నడిపించారు. ఆ చక్రం నేలను గీరుకుంటూ పోయిన చోట 2007లో తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే దాదాపు స్వచ్ఛమైన సిలికా. ఒకప్పుడు అక్కడ వేడినీళ్లో ఆవిరో పారిందనడానికి అది గట్టి ఆనవాలు. రోజూ చాళ్ల ఫొటోలు చూసే కళ్లు లేకపోతే ఆ తెల్లమట్టి చక్రం కిందే ఉండిపోయేది. క్యూరియాసిటీ డ్రిల్లు 2016 డిసెంబరులో మొరాయించింది. ఏడాదిన్నర పాటు కొత్త పద్ధతి వెతికి, చేతి బలంతోనే డ్రిల్లును రాతికి అదిమి తొలిచే ఉపాయం కనిపెట్టి, 2018 మేలో మళ్లీ పని మొదలుపెట్టారు. 2024లో అదే రోవర్ చక్రం కింద పగిలిన రాయిలో స్వచ్ఛమైన గంధకపు పసుపు స్ఫటికాలు కనిపించాయి. ఇవేవీ ప్రయోగం రోజు రాసుకున్న జాబితాలో లేవు.

పర్సెవరెన్స్ దిగిన చోటు గోదావరి వాసులకు ప్రత్యేకంగా పట్టవలసింది. జెజెరో సుమారు 45 కిలోమీటర్ల వెడల్పున్న బిలం. 350 కోట్ల ఏళ్ల కిందట అందులో నీటి సరస్సు ఉండేది. పడమటి గట్టును తెంచుకుని ఒక నది లోపలికి వచ్చి, సరస్సులో కలిసే చోట తన మట్టిని పరిచి డెల్టా కట్టింది. ఆ డెల్టా ఆకారం నేటికీ పై నుంచి తీసిన ఫొటోల్లో విసనకర్రలా స్పష్టంగా కనిపిస్తుంది. దిగడానికి అన్ని చోట్లలో ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఒండ్రు నేల మీద పుట్టినవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. ప్రవాహం నెమ్మదించిన చోట సన్నని బురద పొరలు పొరలుగా పేరుకుంటుంది, పైనుంచి కొట్టుకొచ్చినదంతా ఆ పొరల్లో దాగి ఉంటుంది. జీవం ఆనవాళ్లు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ బురదరాతిలోనే మిగలాలి. కానీ ఏ పొరలో, ఏ రాతిలో? 2021 ఆగస్టులో తొలిసారి రాయిని తొలిస్తే అది పొడిపొడిగా రాలిపోయి గొట్టం ఖాళీగా మిగిలింది. బృందం వెనక్కి తగ్గి, మరో రకం రాయిని వెతికి, సెప్టెంబరులో తొలి నమూనా తీసింది. 2024 జులైలో ఆ పాత నది వచ్చిన లోయలో, నెరెట్వా వాలిస్‌లో, చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులున్న బురదరాయి కనిపించింది. దాని నమూనాపై 2025 సెప్టెంబరులో వెలువడిన పరిశోధన, ఆ మచ్చలు ప్రాచీన సూక్ష్మజీవుల వల్ల ఏర్పడి ఉండవచ్చని, వేరే కారణాలను ఇంకా తోసిపుచ్చలేమని చెప్పింది. జాగ్రత్తగా అన్న మాట అది. అయినా మార్స్ మీద జీవం గురించి ఇంతకంటే ఆశ కలిగించే రాయి ఇంతవరకు దొరకలేదు. దిగిన మూడేళ్ల తర్వాత, వెయ్యి సోల్‌లు దాటాక దొరికింది. దిగిన ఏడాదికే చాలనుకుని ఆపేసి ఉంటే ఆ రాయి దాకా రోవర్ వెళ్లేదే కాదు.

ఇప్పుడు మన డెల్టా సంగతి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఇక్కడ తెలియనివారు లేరు. దాన్ని కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. ఆయన పుట్టిన రోజు మే 15న రైతులు దండలు వేస్తారు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నను కూడా తెలిసినవారు తలుచుకుంటారు. ఆ గౌరవం వారికి చెందవలసిందే. అయితే ఆనకట్ట కట్టడం అయిదేళ్లు, దాన్ని నడపడం 170 ఏళ్లకు పైగా. పాతదాని స్థానంలో 1982 నాటికి వచ్చిన కాటన్ బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. వరదొస్తే ఏ గేటు ఎంత ఎత్తాలో గంట గంటకూ నిర్ణయించాలి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు వరుసగా మూడు. పైన కొలిచిన నీళ్లు కిందికి రావడానికి గంటల తరబడి పడుతుంది. ఆ వ్యవధిలో కంటికి కనబడని వరద గురించి, వెనకటి కొలతల ఆధారంగా నిర్ణయం తీసుకోవాలి. లంకల్లోంచి ఎవరిని ఎప్పుడు తరలించాలో, ఏటిగట్టు ఎక్కడ బలహీనంగా ఉందో ముందే తేల్చుకోవాలి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడూ, 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడూ జరిగింది ఇదే. వరద లేని రోజుల్లో పని వేరే రకం. సుమారు 10 లక్షల ఎకరాలకు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లో ఎంతెంత వదలాలి, ఎద్దడి ఏడాది దాళ్వాకు సీలేరు నుంచి ఎంత అడగాలి, శివారు పొలానికి వంతు నీరు అందిందా లేదా అని రోజూ చూసుకోవాలి. రాత్రీ పగలూ లాకుల దగ్గర, తూముల దగ్గర ఉండి ఈ పని చేసే లస్కర్ల విగ్రహాలు ఏ ఊళ్లోనూ లేవు. రిటైరైనవాళ్ల ఖాళీలు నింపడం లేదని మాత్రం రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు.

రోవర్ పనికీ డెల్టా కాలువల పనికీ పోలిక నేను అలంకారం కోసం తేలేదు. రెండింటి స్వభావం ఒక్కటే. ఆలస్యంగా అందే కొలత, పరిమితమైన వనరు, పోటీపడే అవసరాలు, పొరపాటైతే వెనక్కి తీసుకోలేని నిర్ణయం. రెండింటిలోనూ కట్టినవాడి పేరు మిగిలింది, నడిపినవాళ్ల పేర్లు రిజిస్టర్లలో ఆగిపోయాయి. రెండింటిలోనూ ఫలం దక్కింది నడపడం వల్లనే. కాలువ తవ్విన రోజున ఒక్క గింజ పండలేదు. ఈ సంగతి తరతరాలుగా అనుభవించిన ప్రాంతం అంతరిక్షం విషయంలో మాత్రం ప్రయోగం రోజు చప్పట్లతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

పేదరికం ఉన్న దేశానికి రోవర్లు అవసరమా అన్నది పాత ప్రశ్నే, కానీ తోసిపారేయదగ్గది కాదు. ఏటిగట్టు పక్కన ఏటా ఇల్లు మునిగే కుటుంబం ఆ ప్రశ్న అడిగితే మర్యాదగా జవాబు చెప్పాలి. చంద్రయాన్-3కు అయిన ఖర్చు సుమారు 615 కోట్ల రూపాయలు. దేశ బడ్జెట్‌లో అది చిన్న మొత్తం అనే జవాబుతో నేను తృప్తి పడను, చిన్న మొత్తమైనా వృథా వృథానే. నా జవాబు వేరే. వృథా ఎక్కడ జరుగుతుందంటే, ఖరీదైనదాన్ని కట్టి దాన్ని పూర్తిగా వాడుకోకపోవడంలో. నాసా రోవర్లలో నిర్మాణానికీ ప్రయోగానికీ అయిన ఖర్చు ముందు ఒక్కో ఏడాది నడపడానికి అయ్యేది చిన్న భాగమే. ఆ చిన్న భాగమే ఏళ్ల తరబడి ఫలితం తెచ్చిపెట్టింది. కాబట్టి డబ్బు విలువ తెలిసినవాళ్లే నడిపే ఖర్చును గట్టిగా అడగాలి. పైగా ఆ క్రమశిక్షణ, అంటే కొలవడం, రాసిపెట్టడం, మర్నాడు దాన్ని చూసి నిర్ణయించడం, అంతరిక్షంలో గౌరవం సంపాదిస్తే నేల మీద కూడా దానికి విలువ పెరుగుతుంది. ఆ ఇల్లు మునగకుండా కాపాడేది ఆ క్రమశిక్షణే.

ఇంకొకరు ఇలా అనవచ్చు: ప్రజ్ఞాన్‌ను ఒక్క చాంద్ర పగటికే, అంటే మన 14 రోజులకే తయారుచేశారు, అది తన పని పూర్తిచేసింది, ఇంకా ఏం కావాలి? నిజమే. తొలిసారి దిగడం సాధిస్తే చాలన్నది అప్పటికి సరైన లక్ష్యం, 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ పడిపోయిన అనుభవం వెనక ఉంది కదా. ఇస్రో బృందాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అంతేకాదు, ఆ కొద్ది రోజుల్లోనే వాళ్లు నడిపేవాళ్ల తెగువ చూపించారు. పని అయిపోయాక విక్రమ్ ఇంజన్లు మళ్లీ వెలిగించి దాన్ని 40 సెంటీమీటర్లు పైకి లేపి పక్కకు దింపారు. సెప్టెంబరు 22న సూర్యుడు మళ్లీ ఉదయించాక మేల్కొలపడానికి ప్రయత్నించారు, జవాబు రాలేదు. రాత్రి చలికి బ్యాటరీలు, ఎలక్ట్రానిక్స్ తట్టుకోలేవని ముందే తెలుసు. నా మాట రాబోయేవాటి గురించి. చైనా 2019 జనవరిలో చంద్రుడి అవతలి వైపు దింపిన యూటూ-2 రోవర్ రేడియోధార్మిక పదార్థం వేడితో రాత్రులు గట్టెక్కి ఏళ్ల తరబడి పనిచేసింది. మన చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో కూడా ఒక్కో వాట్ సామర్థ్యమున్న అలాంటి చిన్న హీటర్లు రెండు పెట్టి పరీక్షించారు. అంటే దారి తెలియక కాదు. రాత్రిని దాటే రోవర్ కావాలని మొదటే నిర్ణయించి, దాన్ని ఏళ్లపాటు నడిపే మనుషులకూ యాంటెన్నా సమయానికీ అదే మంజూరు పత్రంలో డబ్బు రాయాలి. తర్వాత చూద్దామనుకున్న నిర్వహణ ఖర్చు గతి ఏమవుతుందో పూడిక తీయని మన మురుగు కాలువలను చూసినవాళ్లకు తెలుసు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం కృత్రిమ మేధ నుంచి వస్తుంది. ఇవాళ పర్సెవరెన్స్ నడకలో ఎక్కువ భాగం అది తనంతట తాను రాళ్లు చూసుకుని తప్పుకుంటూ పోయేదే. 2025 జూన్‌లో ఒక్క సోల్‌లో 400 మీటర్లు దాటి నడిచింది, మనిషి మీటరు మీటరూ చూసి ఆజ్ఞలిస్తే అది అసాధ్యం. 2025 డిసెంబరులో దాని దారిలోని మజిలీలను సైతం కృత్రిమ మేధ చేత గుర్తింపజేసి నడిపారు. రేపు నడిపేవాళ్లే అక్కరలేనప్పుడు వాళ్ల కోసం డబ్బూ గౌరవమూ ఎందుకు? ఈ వాదనలో సగం నేను ఒప్పుకుంటాను. చక్రాన్ని ఎటు తిప్పాలన్న పని యంత్రానికి పోతుంది, పోవాలి కూడా. ఆ డిసెంబరు నడకల్లో ఏం జరిగిందో చూస్తే మిగతా సగం తెలుస్తుంది. యంత్రం సూచించిన దారిని ఇంజనీర్లు రోవర్ కంప్యూటర్ నమూనాలో నడిపి సరిచూసిన తర్వాతే పంపారు. మనిషి పని తగ్గలేదు, పైమెట్టు ఎక్కింది. రాళ్లు తప్పుకోవడం తెలిసిన బండి ఏ రాయి దగ్గర ఆగాలో చెప్పదు. మచ్చలున్న బురదరాయికి వారాల సమయం ఇవ్వాలా, డెల్టా అంచు దాటి ముందుకు పోవాలా అన్నది విలువల ప్రశ్న. దానికి ఎవరో ఒకరు బాధ్యత వహించాలి. బండి వేగం పెరిగేకొద్దీ ఆ ప్రశ్న ముందుకంటే తొందరగా, తరచుగా ఎదురవుతుంది. కాబట్టి ముందుముందు మనకు కావలసింది తక్కువ మంది నడిపేవాళ్లు కాదు, ఎక్కువ వివేకం నేర్చినవాళ్లు.

వాళ్లు ఎక్కడినుంచి వస్తారు? కాకినాడ జేఎన్‌టీయూ, రాజమహేంద్రవరం నన్నయ విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ, ఊరూరా ఉన్న డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీలు ఉన్న ఈ ప్రాంతం నుంచి ఎందుకు రాకూడదు? రోవర్ గదిలో కావలసింది ఒక్క రాకెట్ శాస్త్రం కాదు. రాళ్లు గుర్తుపట్టగలవాళ్లు, కరెంటు లెక్క చూసేవాళ్లు, ప్రోగ్రాం రాసేవాళ్లు, నిన్నటి నివేదికను ఇవాళ్టివాళ్లకు అర్థమయ్యేలా రాయగలవాళ్లు కావాలి. నాసా తన రోవర్ల ఫొటోలను అందగానే అందరికీ తెరిచిపెడుతుంది. పాలకొల్లు విద్యార్థి పొద్దున్నే జెజెరో డెల్టాలో నిన్న తీసిన ఫొటో చూడొచ్చు, రేపు రోవర్ ఎటు వెళ్లాలో తానే పథకం రాసి, అసలు బృందం ఏం చేసిందో మర్నాడు సరిపోల్చుకోవచ్చు. డిగ్రీ భూగర్భ శాస్త్రంలో ఇంతకంటే మంచి ప్రాక్టికల్ నాకు తోచదు. దీనికి ప్రయోగశాల ఖర్చు లేదు, ఇంటర్నెట్టూ ఓపికగల అధ్యాపకుడూ చాలు. చంద్రయాన్-3 సమాచారాన్ని ఇస్రో 2024 ఆగస్టు 23న పరిశోధకుల ముందు పెట్టింది, అభినందించాలి. కానీ ఏడాది తర్వాత వచ్చేది కొలతల ఖజానా మాత్రమే. ఏ రోజు ఏ ఆజ్ఞ ఎందుకిచ్చారు, ఏ దారి ఎందుకు వద్దనుకున్నారు అన్న దినచర్య పుస్తకం కూడా బయటపెడితేనే కొత్తవాళ్లు ఈ విద్య నేర్చుకోగలుగుతారు. రహస్యాలేవైనా ఉంటే కొట్టేసి ఇవ్వవచ్చు. ప్రజ్ఞాన్ ఆగస్టు 27న వెనక్కి మళ్లిన నిర్ణయం ఎన్ని గంటల్లో, ఎవరి మధ్య, ఏ ఫొటోల ఆధారంగా జరిగిందో పూర్తిగా రాస్తే అది ఇంజనీరింగ్ కాలేజీలో ఒక వారం పాఠం అవుతుంది.

ఈ మాటలు అడగడానికి ఇదే అదను. జపాన్‌తో కలిసి చేపట్టిన చంద్రయాన్-5కు 2025లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. దక్షిణ ధ్రువంలో నీటి మంచును వెతికే ఆ యాత్రలో రోవర్ బరువు సుమారు 250 కిలోలని ఇస్రో ఛైర్మన్ నారాయణన్ చెప్పారు, ప్రజ్ఞాన్‌కు దాదాపు పదింతలు. పని పంపకంలో ల్యాండర్ మనది, రోవర్ జపాన్‌ది. దింపే గౌరవం మనకు దక్కుతుంది, ఆ రాత్రి మళ్లీ టీవీలన్నీ వెలుగుతాయి. ఆ పై నెలల్లో రోజూ రోవర్ ఎటు వెళ్లాలో, ఎక్కడ తవ్వాలో, ఏ నీడలోకి దిగాలో నిర్ణయించే గదిలో మనవాళ్లు ఎందరుంటారు, ఏ హోదాలో ఉంటారు, వాళ్లను ఇప్పటినుంచి ఎవరు తయారుచేస్తున్నారు అన్నది ఇంకా ఎవరూ అడగడం లేదు. ఒప్పందంలో ఆ కుర్చీల సంఖ్య రాయించుకోవాలి. ప్రతి షిఫ్టులో బండి ఆరోగ్యం చూసేవాళ్లలోనూ, శాస్త్ర పథకం రాసేవాళ్లలోనూ, చివరి ఆజ్ఞను సరిచూసేవాళ్లలోనూ మనవాళ్లుండాలి. అందులో కొన్ని స్థానాలు విశ్వవిద్యాలయాల యువ పరిశోధకులకు పోటీ పరీక్ష ద్వారా ఇవ్వాలి. మన పార్లమెంటు సభ్యులు రైల్వే హాల్టుల గురించి, జాతీయ రహదారుల గురించి అడుగుతున్నట్టే, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు రానున్న సమావేశాల్లో అంతరిక్ష శాఖను ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడగాలి.